ఎర్ర యానడైజింగ్ వెలిసి గులాబీ రంగుకు తిరిగింది, ఇంట్లోనే తీసేయొచ్చా?

అనంతపురం_390
పోయినేడు బైక్‌కి ఎర్ర రంగు సీఎన్‌సీ పార్టులు (అల్యూమినియం దిమ్మెను కంప్యూటర్ యంత్రంతో చెక్కినవి) వేయించా. బ్రేక్, క్లచ్ లీవర్లు, హ్యాండిల్ చివర్ల బార్ ఎండ్లు, బ్రేక్ ఆయిల్ రిజర్వాయర్ క్యాప్, హ్యాండిల్‌ని ఎత్తులో పెట్టే రైజర్లు. కొత్తలో భలే ఉన్నాయి. ఇప్పుడు మా ఎండలకి పైభాగమంతా గులాబీ రంగుకు తిరిగింది. విచిత్రం ఏంటంటే లీవర్ తిప్పి చూస్తే కింది వైపు ఇంకా కొన్ననాటి ఎరుపే ఉంది. గ్రిప్ రబ్బరు కింద దాగిన బార్ ఎండ్ అంచు కూడా అంతే.

కొత్తవి కొన్నా మళ్ళీ ఇదే కథ. అందుకే రంగంతా తీసేసి మామూలు సిల్వర్‌గా ఉంచుకుందామనుకుంటున్నా. కాస్టిక్ సోడా నీళ్ళలో వేస్తే ఐదు నిమిషాల్లో పోతుందని మా మెకానిక్ అన్నాడు. ఎవరైనా ఇంట్లో చేశారా? ఎంత కలపాలి? ఏం జాగ్రత్తలు? కాస్టిక్ సోడా మాట వినగానే మా అమ్మ ఇంట్లో వద్దంది, చేస్తే మేడ మీదే చేయాలి.

స్ప్రే_శీను
ఇంత టెన్షన్ ఎందుకు బ్రో. నల్ల స్ప్రే డబ్బా తెచ్చి కొట్టేయ్.

కరీంనగర్_క్లచ్
శీనూ, లీవర్ మీద పెయింట్ నిలవదు. రోజూ నాలుగు వేళ్ళు రుద్దే చోటు అది. చెమట, ఉంగరం, తాళంచెవి, అన్నీ తగులుతాయి. నెల తిరక్కుండా పెచ్చులు లేస్తుంది. యానడైజింగ్ మీద పెయింట్ పట్టాలన్నా ముందు గరుకు చేయాలి, ప్రైమర్ కొట్టాలి. ఆ కష్టమేదో రంగు తీయడం మీదే పెడితే పోలా.

కెమిస్ట్రీ_మాస్టారు
ముందు అది ఎందుకు వెలిసిందో తెలిస్తే ఎలా తీయాలో తేలిగ్గా అర్థమవుతుంది.

యానడైజింగ్ అంటే పైన పూసిన పూత కాదు. అల్యూమినియం భాగాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ముంచి, దాన్ని యానోడ్ (కరెంటు ప్లస్ వైపు) చేసి కరెంటు పంపిస్తారు. అప్పుడు ఉపరితలంలోని లోహమే అల్యూమినియం ఆక్సైడ్‌గా మారుతుంది. గాలికి సహజంగా ఏర్పడే ఆక్సైడ్ పొర కొద్ది నానోమీటర్లే ఉంటుంది. ఇలా పెంచిన పొర అలంకరణ పార్టుల మీద దాదాపు 10 నుంచి 25 మైక్రాన్లు ఉంటుంది, అంటే వేల రెట్లు మందం. ఈ పొరలో తేనెతుట్టె గదుల్లా నిలువు రంధ్రాలుంటాయి. వాటిలోకి రంగు పీల్పించి, తర్వాత వేడి నీళ్ళలో ఉంచి ఆ రంధ్రాల మూతులు మూసేస్తారు. దాన్నే సీలింగ్ అంటారు.

ఎరుపు, ఊదా, నీలం లాంటివి ఎక్కువగా ఆర్గానిక్ డైలు (కర్బన రసాయన రంగులు). ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ రంగు అణువులను విరగ్గొడతాయి. పొర మాత్రం అలాగే ఉంటుంది. మీ లీవర్ కింది వైపు ఎర్రగా ఉండడానికి కారణం అదే. కాబట్టి మీకు పాడైంది రంగు మాత్రమే, రక్షణ పొర కాదు. ఆ పొర తీసేస్తే రంగుతో పాటు రక్షణ కూడా పోతుంది. ఇది ముందే తెలుసుకుని దిగండి.

బెజవాడ_బుల్లెట్
మాస్టారూ, మరి కొన్ని బైకుల ముందు చక్రం గోల్డెన్ ఫోర్కులు ఎన్నేళ్ళయినా అలాగే ఉంటాయే? అదీ యానడైజింగే కదా?

బాలానగర్_ప్లేటింగ్
బంగారు రంగుకు వాడే పద్ధతి వేరన్నా. చాలాచోట్ల ఫెర్రిక్ అమ్మోనియం ఆక్సలేట్‌తో ఆ రంగు తెస్తారు. అది ఇనుము లవణం, ఎండకు బాగా తట్టుకుంటుంది. కిటికీ ఫ్రేములకు వేసే కాంస్య రంగు, నలుపు కూడా తగరం లవణాల్లో కరెంటుతో ఎక్కిస్తే వెలవవు. అదే నలుపు డైతో వేస్తే కొన్నాళ్ళకు ఊదాకో గోధుమకో తిరుగుతుంది. చవక పార్టుల్లో కనిపించేది అదే.

నేను ప్లేటింగ్ లైన్‌లో పనిచేస్తా. రాత్రికి డ్యూటీ అయ్యాక వివరంగా రాస్తా. అప్పటిదాకా బాత్రూం యాసిడ్ మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు.

పాత_సామాను
ఆ మాటే రాయబోతున్నా. టాయిలెట్ యాసిడ్‌తో కూడా పోతుంది కదా, పల్చగా కలిపితే?

కెమిస్ట్రీ_మాస్టారు
వద్దండి. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. క్లోరైడ్ అల్యూమినియాన్ని అంతటా సమానంగా తినదు, సూదితో పొడిచినట్టు ఒక్కోచోట లోపలికి దిగుతుంది. పొర ఒకచోట ఇంకా అంటుకునే ఉంటుంది, పక్కనే లోహంలో గుంట పడుతుంది. ఆ గుంటలు పాలిష్‌తో పోవు. లీవర్ లాంటిది విరగడం అక్కడే మొదలవుతుంది.

అల్యూమినియం ఆక్సైడ్ యాసిడ్‌లోనూ క్షారంలోనూ కరుగుతుంది. ఇంటి స్థాయిలో క్షారమే, అంటే కాస్టిక్ సోడానే నయం, ఎందుకంటే పని సాగే తీరు కంటికి కనిపిస్తుంది. ప్రయోగశాలల్లో ఫాస్ఫారిక్, క్రోమిక్ యాసిడ్లు కలిపి మరిగేంత వేడిలో వాడతారు. దాని గొప్ప ఏంటంటే ఆక్సైడ్‌ను కరిగిస్తుంది, కింది లోహాన్ని దాదాపు తాకదు. కానీ అందులో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం. ఇంటికి తేవాల్సిన వస్తువు కాదు.

డల్లాస్_తెలుగోడు
ఇక్కడ ఓవెన్ క్లీనర్ స్ప్రేతో చేస్తాం. పసుపు మూత, ఘాటైన రకం అడిగి తెచ్చుకోవాలి, దాన్లోనూ ఉండేది కాస్టిక్ సోడానే. నురుగులా అంటుకుని నిలుస్తుంది కాబట్టి పార్ట్ ముంచే పని లేదు. నా సైకిల్ సీట్‌పోస్ట్ క్లాంప్, హెడ్‌సెట్ స్పేసర్లు అలాగే చేశా. నీలం రంగు నురుగులోకి దిగి కారడం కనిపిస్తుంది. 'క్షారం లేనిది' అని రాసి ఉన్న రకం కొంటే డబ్బులు దండగ, అది యానడైజింగ్‌ని ఏమీ చేయదు.

అనంతపురం_390
ఇక్కడ ఓవెన్ క్లీనర్ ఎక్కడ దొరుకుతుంది అన్నా. డ్రైనేజీ పౌడర్ చాలా?

బాలానగర్_ప్లేటింగ్
డ్రైనేజీ పౌడర్లు అన్నీ ఒకలా ఉండవు. కొన్నింట్లో వేడి పుట్టడానికి అల్యూమినియం ముక్కలు, వేరే లవణాలు కలుపుతారు. ఎంత కాస్టిక్ ఉందో తెలియనిదాన్ని లెక్కపెట్టి కలపలేం. కెమికల్ షాపులో కాస్టిక్ సోడా ఫ్లేక్స్ అడుగు, తెల్లగా పలుచటి రేకుల్లా ఉంటాయి. అదే మంచిది.

ఇక పద్ధతి.

ముందు అది నిజంగా యానడైజింగేనా చూసుకో. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి రెండు మొనలూ రంగు మీద మెల్లగా ఆనించు, గీయకూడదు. యానడైజింగ్ కరెంటు పోనివ్వదు, కాబట్టి బీప్ రాదు. పెయింట్ కూడా పోనివ్వదు అనుకో. అందుకే కనపడని మూలలో పెయింట్ థిన్నర్‌తో దూది రుద్దు. జిగటగా లేచినా, దూదికి రంగు అంటినా పైన పెయింటో లక్కరో ఉన్నట్టు. దాన్ని ముందు పెయింట్ రిమూవర్‌తో తీయాలి. పౌడర్ కోటింగ్ అయితే థిన్నర్‌కి కూడా లొంగదు, బ్లేడుతో గీరితే ప్లాస్టిక్‌లా లేస్తుంది. అలాంటివి కాస్టిక్‌లో వేస్తే అంచుల దగ్గర లోపలికి పోయి లోహాన్ని తింటుంది, పైన పూత మాత్రం అలాగే ఉంటుంది.

తర్వాత పార్ట్‌ని పూర్తిగా విప్పాలి. స్ప్రింగ్, బాల్, బుష్, రబ్బరు, బోల్టు ఏదీ ఉండకూడదు. ఉక్కుకు కాస్టిక్ వల్ల పెద్దగా ఏమీ కాదు, కానీ జింక్ పూత ఉన్న బోల్టుల పూత పోయి తుప్పు పడతాయి. డిష్ వాష్ లిక్విడ్‌తో బాగా కడిగి జిడ్డంతా పోగొట్టు. జిడ్డున్న చోట కాస్టిక్ ఆలస్యంగా పనిచేసి మచ్చలు మిగులుతాయి.

నీళ్ళు లీటరుకు 50 గ్రాముల కాస్టిక్, అంటే దాదాపు 5 శాతం. ప్లాస్టిక్ టబ్బే వాడాలి, సత్తు గిన్నె పొరపాటున కూడా వద్దు, గిన్నే కరిగిపోతుంది. ముందు చల్లటి నీళ్ళు పోసి, అందులోకి కాస్టిక్ కొద్దికొద్దిగా వేస్తూ కర్రతో కలపాలి. కాస్టిక్ మీద నీళ్ళు పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. కలిపినప్పుడే వేడెక్కుతుంది, చల్లారేదాకా ఆగు. షాపులో మేము ఇదే ద్రావణాన్ని 55, 60 డిగ్రీల్లో వాడతాం, ఇంట్లో వేడి చేయొద్దు. వేడైతే మన చేతిలో ఉండదు.

పార్ట్‌ని ప్లాస్టిక్ తాడుకు కట్టి ముంచు. మొదట ఏమీ కాదు. కాసేపటికి రంగు పొగలా నీళ్ళలోకి దిగుతుంది. పొర ఉన్నంతసేపూ బుడగలు అంతగా ఉండవు. ఒకచోట పొర పోయి లోహం బయటపడగానే అక్కడ సన్నటి బుడగలు దండిగా వస్తాయి. అదే గుర్తు. అర నిమిషానికోసారి తీసి నీళ్ళలో కడిగి చూస్తూ ఉండు. రెండు నిమిషాల్లో పోవచ్చు, పది పట్టొచ్చు, పొర మందాన్ని బట్టి. రంగు మొత్తం పోగానే తీసెయ్. ఇంకాస్త మెరుస్తుందేమో అని ఉంచితే మెరుపు రాదు, లోహమే పోతుంది.

కళ్ళకు పక్కలు కూడా మూసే గాగుల్స్, మోచేతిదాకా రబ్బరు గ్లోవ్స్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, కాళ్ళకు బూట్లు తప్పనిసరి. పక్కన బకెట్ కాదు, పైపు నడుస్తూ ఉండాలి.

కరీంనగర్_క్లచ్
ఇది సేవ్ చేసుకున్నా. ఒక్క డౌట్ అన్నా, పివట్ హోల్ సంగతి? లీవర్ తిరిగే బుష్ కూర్చునే రంధ్రం కూడా కరుగుతుంది కదా.

బాలానగర్_ప్లేటింగ్
మంచి ప్రశ్న. యానడైజింగ్ పొర కొంత లోహంలోకి, కొంత బయటికి పెరుగుతుంది. అలంకరణ రకంలో దాదాపు మూడింట రెండు వంతులు లోపలికే. కానీ తీసేటప్పుడు పొర మొత్తం పోతుంది కాబట్టి, 15 మైక్రాన్ల పొర తీసేస్తే రంధ్రం చుట్టూ 15 మైక్రాన్ల చొప్పున పోయి, వ్యాసం 30 మైక్రాన్లు పెరుగుతుంది. దానికి తోడు లోహం కరిగినదీ కలుస్తుంది. టైట్‌గా కూర్చునే బుష్ లూజవ్వడానికి అది చాలు. కాబట్టి బేరింగ్, బుష్ కూర్చునే చోట్లు, మరలు, అన్నీ మూసేయాలి. రబ్బరు బిరడాలు వాడు, లేదా తెల్ల కొవ్వొత్తి కరిగించి పోయి. పారఫిన్ మైనానికి కాస్టిక్ వల్ల ఏమీ కాదు. పని అయ్యాక వేడి నీళ్ళలో వేస్తే కరిగి వచ్చేస్తుంది.

పాత_సామాను
గ్రీజు కూరితే సరిపోదా? ఇంట్లో ఉన్నదే కదా.

బాలానగర్_ప్లేటింగ్
నిలవదు. అంచుల్లోంచి కడుక్కుపోతుంది, పైగా మిగతా చోట్లకు జిడ్డు పాకి మచ్చలు పడతాయి. మైనమే వాడండి.

సైకిల్_సుబ్బు
సైకిల్ వాళ్ళ తరఫున నాదొక కేసు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత రోడ్ సైకిల్ క్రాంక్ సెట్ (పెడళ్ళు బిగించే చేతులు) ఒకటి దొరికింది. ఫోర్జ్ చేసినది, బరువుగా, ఒంపులు ముద్దుగా ఉన్నాయి. కానీ షూ రాసుకునే చోట యానడైజింగ్ అరిగిపోయి లోహం కనిపిస్తోంది, మిగతా చోట పాలిపోయి మబ్బుగా ఉంది. అలా సగం సగం ఉన్నదాన్ని ఎంత పాలిష్ చేసినా ఒక్కలా రాదు, పొర మీద పాలిష్ పనిచేయదు.

కాస్టిక్‌లో వేసే ముందు పెడల్ రంధ్రాల్లో పాత పెడల్ ఇరుసులే బిగించా. ఉక్కు కాబట్టి వాటికి ఏమీ కాలేదు, మరలు భద్రంగా ఉన్నాయి. ఎడమ వైపుది తిరగమర అని గుర్తుంచుకోండి. పొర పోయాక 400 నుంచి మొదలుపెట్టి 600, 1000, 2000 వాటర్ పేపర్లు నీళ్ళతో రుద్ది, చివర్లో మెటల్ పాలిష్ పట్టించా. ఒక్కో పేపర్‌కీ రుద్దే దిక్కు మార్చాలి. ముందు పేపర్ గీతలన్నీ పోయాకే తర్వాతది పట్టుకోవాలి. చేతులు నొప్పెట్టాయి కానీ ఇప్పుడు ఆ క్రాంక్ మీద చెయిన్‌రింగ్ పళ్ళు ఒక్కొక్కటీ ప్రతిబింబిస్తాయి.

ఇంకో లాభం. పొర తీశాక చేయి, స్పైడర్ (చెయిన్‌రింగ్ బిగించే కాళ్ళు) కలిసే మూలను భూతద్దంతో చూశా. పాత ఫోర్జ్‌డ్ క్రాంకుల్లో పగుళ్ళు మొదలయ్యేది అక్కడే. పాలిష్ చేసిన లోహం మీద వెంట్రుకంత పగులున్నా కనిపిస్తుంది. నాదాంట్లో లేదు.

స్ప్రే_శీను
సుబ్బన్నా, ఫోటో ఏది? పళ్ళు కనిపిస్తాయంటే మేమూ తల దువ్వుకుంటాం.

సైకిల్_సుబ్బు
సాయంత్రం ఎండలో తీసి పెడతా శీనూ. దువ్వెన రెడీగా ఉంచుకో.

వైజాగ్_రైడర్_అక్క
మెరుపు బాగుంటుంది, కాదనను. కానీ సముద్రం పక్కన ఉండేవాళ్ళు రెండుసార్లు ఆలోచించండి. మా ఇల్లు బీచ్ రోడ్డుకు దగ్గర. మా తమ్ముడి బైక్ ఫుట్‌రెస్ట్ బ్రాకెట్లు పొర తీసి పాలిష్ చేయించాడు. వర్షాకాలం దాటేసరికి తెల్లటి పొడి, దాని కింద చిన్న చిన్న చుక్కలు. ఉప్పు గాలికి బట్టబయలు అల్యూమినియం ఆగదు. ఇప్పుడు వారానికోసారి తుడిచి మైనం పట్టిస్తున్నాడు. నాకంత ఓపిక లేదు. నా బైక్ పార్టులు వెలిసినా అలాగే ఉంచా, పొర అయితే ఉంది కదా.

కెమిస్ట్రీ_మాస్టారు
అక్కయ్య చెప్పింది అక్షరాలా నిజం. అసలు యానడైజింగ్ పరిశ్రమలోకి వచ్చిందే ఆ బాధతో. 1923లో బ్రిటన్‌లో సముద్రం మీద దిగే విమానాల డ్యూరాలుమిన్ (రాగి కలిపిన అల్యూమినియం) భాగాలను ఉప్పు నీటి నుంచి కాపాడడానికి క్రోమిక్ యాసిడ్ పద్ధతి తెచ్చారు. సల్ఫ్యూరిక్ యాసిడ్ పద్ధతి ఆ తర్వాత వచ్చింది. అనంతపురం పొడి గాలికి మాత్రం పాలిష్ చేసిన అల్యూమినియం చాలాకాలం నిలుస్తుంది. వానలో తడిసినప్పుడు తుడుచుకుంటే చాలు.

బెజవాడ_బుల్లెట్
పాలిష్ చేసి పైన క్లియర్ లక్కర్ కొడితే?

బాలానగర్_ప్లేటింగ్
అద్దంలా పాలిష్ చేసిన దాని మీద లక్కర్‌కు పట్టు ఉండదన్నా. చిన్న రాయి తగిలిన చోట లేస్తుంది, దాని కింద నీరు చేరి పాములా గీతలు పాకుతాయి. అప్పుడు లక్కర్ కూడా తీయాలి. మైనం పట్టించుకోండి, లేదా మళ్ళీ రంగు లేకుండా యానడైజింగ్ చేయించండి. మా దగ్గర జాబ్ వర్క్‌కి తీసుకుంటారు, కానీ బ్యాచ్‌కి మినిమం ఛార్జ్ ఉంటుంది. నలుగురు కలిసి ఇస్తే గిట్టుబాటు. ఇచ్చేటప్పుడు ఏ అల్లాయ్ (మిశ్రమ లోహం) అన్నది చెప్పగలిగితే మంచిది.

గుంటూరు_గేర్
నేను పోయినవారం చేశా, కానీ రంగు పోయాక పార్ట్ నల్లగా మసి పట్టినట్టు వచ్చింది. ఎంత కడిగినా పోలేదు. పాడైందా?

కెమిస్ట్రీ_మాస్టారు
పాడవలేదు. దాన్ని స్మట్ అంటారు. అల్యూమినియం కరిగిపోయింది, దానిలో కలిపిన రాగి, సిలికాన్, ఇనుము కాస్టిక్‌లో కరగవు, అవి పైన మసిలా మిగిలాయి. 7075 అనే అల్లాయ్ రకంలో రాగి 1.2 నుంచి 2 శాతం దాకా ఉంటుంది, అది బాగా నల్లబడుతుంది. 6061లో తక్కువ కాబట్టి బూడిద రంగు వరకే. మీరు వేసింది ఏంటి?

గుంటూరు_గేర్
క్లచ్ కవర్ మాస్టారూ. అది కూడా నల్ల యానడైజింగ్ అనుకున్నా.

బాలానగర్_ప్లేటింగ్
అదన్నమాట. ఇంజన్ కవర్లు డై కాస్టింగ్‌లు తమ్ముడూ, అంటే కరిగించి అచ్చులో పోసినవి. వాటిలో సిలికాన్ దాదాపు 10 శాతం ఉంటుంది. వాటికి అందమైన యానడైజింగ్ కుదరదు, నీ కవర్ మీద ఉన్నది పెయింట్ అయ్యే అవకాశమే ఎక్కువ. కాస్టిక్‌లో వేస్తే సిలికాన్ అంతా పైకి తేలి ఇలాగే అవుతుంది. సిలికాన్ మసి తీయడానికి ఫ్యాక్టరీల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణం వాడతారు. దాని జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు, చర్మంలోంచి ఎముక దాకా దిగుతుంది. నువ్వు పచ్చ స్క్రబ్బర్‌తో నీళ్ళలో గట్టిగా రుద్ది, తర్వాత వాటర్ పేపర్ పట్టు. పైపొర పోతే కింద తెల్లటి లోహం వస్తుంది. గాస్కెట్ కూర్చునే అంచు మాత్రం చదునుగా ఉందో లేదో అద్దం మీద పెట్టి చూసుకో.

సీఎన్‌సీ పార్టుల మసికి మేం నైట్రిక్ యాసిడ్ వాడతాం, ముంచి తీస్తే తెల్లగా వస్తుంది. ఇంట్లో దానికి బదులు రుద్దుడే.

పాత_సామాను
నైట్రిక్ కొనడం కూడా అంత సులువు కాదు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశాలు వచ్చాక యాసిడ్ అమ్మేవాళ్ళు ఐడీ కార్డు చూసి రిజిస్టర్‌లో రాసుకోవాలి.

కరీంనగర్_క్లచ్
అలా ఉండడమే మంచిది.

డల్లాస్_తెలుగోడు
నా అభిప్రాయం ఒకటి చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. లీవర్లు, హ్యాండిల్ రైజర్లు ఇంట్లో ఇలా చేయడం నాకు ఇష్టం లేదు. బార్ ఎండ్, క్యాప్, స్పేసర్ అయితే ఏమైనా చేసుకోండి, పాడైతే అందం పోతుంది అంతే. బ్రేక్ లీవర్ పోతే మనిషి పోతాడు.

కరీంనగర్_క్లచ్
15 మైక్రాన్లకు లీవర్ విరుగుతుందా అన్నా? మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు మైక్రాన్. లీవర్ మందం ఎంత, ఇది ఎంత.

డల్లాస్_తెలుగోడు
మందం సంగతి కాదు తమ్ముడూ. మర్చిపోయి అరగంట వదిలేస్తే? మూల దగ్గర బుడగ ఇరుక్కుని ఒకచోట గుంట పడితే? అదే చోట రోజూ వందసార్లు లాగుతాం. లోహం అలసిపోయి విరిగేది అలాంటి గుంట దగ్గరే.

కెమిస్ట్రీ_మాస్టారు
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. యానడైజింగ్ పొర పెళుసు, అది ఉన్నంత మాత్రాన లీవర్ బలం పెరగదు, నిజానికి అలసట బలం కాస్త తగ్గుతుంది కూడా. కాబట్టి పొర తీయడం వల్ల బలం పోతుందన్న భయం అక్కర్లేదు. అసలు భయం గుంటల గురించే. లీవర్ దళసరిగా ఉంటుంది, పైకి కనిపిస్తుంది, రుద్ది నున్నగా చేసి తనిఖీ చేసుకోవచ్చు. హ్యాండిల్ బార్ అలా కాదు. పల్చటి గొట్టం, లోపలికి కాస్టిక్ పోతే ఎక్కడ తిన్నదో కనపడదు. హ్యాండిల్ బార్, సైకిల్ ఫ్రేమ్, సీట్‌పోస్ట్, రిమ్, వీటిని టబ్బులో ముంచొద్దని నేనైతే గట్టిగా చెబుతా. కార్బన్ అతికించిన భాగాలు అసలే వద్దు, కాస్టిక్ ఆ అతుకును పాడు చేస్తుంది.

బెజవాడ_బుల్లెట్
నేను గోల్డెన్ ఫోర్క్‌ని సిల్వర్ చేద్దామనుకున్నా మాస్టారూ. పై గొట్టం విప్పితే?

బాలానగర్_ప్లేటింగ్
దాని లోపలి గోడ కూడా యానడైజ్ అయి ఉంటుంది. దాని మీదే బుష్ జారేది. అది పోతే బుష్ లోహాన్ని గీకుతుంది, ఆయిల్ నల్లబడుతుంది, ఫోర్క్ ఆడుతుంది. రెండు చివర్లు మూసి బయట మాత్రమే తీసినా ఒక్క చుక్క లోపలికి పోతే ఖర్చే. వద్దన్నా. బంగారు రంగు ఎండకు ఆగుతుందని నువ్వే అన్నావ్ కదా, ఆగనీ.

అనంతపురం_390
అందరికీ థ్యాంక్స్. ఇంకో ప్రశ్న. వాడేసిన నీళ్ళు ఏం చేయాలి? రెండోసారికి సీసాలో దాచుకోవచ్చా?

కెమిస్ట్రీ_మాస్టారు
సీసాలో పోసి మూత బిగించొద్దు. ఇది అందరూ చదవాలి. అల్యూమినియం కాస్టిక్‌లో కరిగినప్పుడు వచ్చే బుడగలు హైడ్రోజన్. ఒక్క గ్రాము లోహం కరిగితే లీటరుకు పైగా గ్యాస్ వస్తుంది. నీళ్ళలో చిన్న ముక్కో పొడో మిగిలి ఉంటే మూత బిగించాక కూడా వస్తూనే ఉంటుంది, సీసా పగిలి కాస్టిక్ చిమ్ముతుంది. పనిచేసేటప్పుడు కూడా బయటే చేయాలి, దగ్గర్లో సిగరెట్, అగరుబత్తి, స్టవ్ ఏదీ ఉండకూడదు. ఆ బుడగలు పగిలినప్పుడు కాస్టిక్ తుంపర గాలిలోకి లేస్తుంది, గొంతు గరగరమంటే గాలి వచ్చే వైపు నిలబడండి.

నీళ్ళు పారబోయడానికి ముందు బాగా పల్చన చేసి, కాలువలోకి పోసి, వెనకాలే ఇంకో రెండు బకెట్లు పోయండి. మొక్కలకు, మట్టిలోకి వద్దు. బ్లీచింగ్ పౌడర్‌తోనో యాసిడ్‌తోనో కలపొద్దు.

చర్మం మీద పడితే సబ్బులా జారుతుంది, మొదట మంట తెలియదు. ఆ జారుడే గుర్తు. వెంటనే ధారగా నీళ్ళు పట్టండి. నిమ్మరసం, వెనిగర్ పూయొద్దు. కంట్లో పడితే రెప్ప తెరిచి పట్టుకుని కనీసం 20 నిమిషాలు నీళ్ళతో కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరే ఏర్పాటు చేయండి. కాస్టిక్ కంటికి యాసిడ్ కంటే ప్రమాదం, లోపలికి దిగుతూ పోతుంది.

వైజాగ్_రైడర్_అక్క
మీ అమ్మ సరిగ్గానే వద్దంది తమ్ముడూ. మేడ మీద కూడా పిల్లలెవరూ రాకుండా తలుపు గడి పెట్టుకో.

అనంతపురం_390
చేశానన్నా. బార్ ఎండ్లు, క్యాప్, రెండు లీవర్లు. డల్లాస్ అన్న మాట విని రైజర్లు ముట్టుకోలేదు, నల్లవి కొనేస్తా.

ముందు ఒక బార్ ఎండ్ మీదే చూశా. ఎరుపు దారంలా కిందికి దిగింది, టబ్బు అడుగున రూహఫ్జా రంగు పరుచుకుంది. అంచుల దగ్గర బుడగలు మొదలవ్వగానే తీసి కడిగా. గ్రిప్ కింద దాగిన చోట మాత్రం ఇంకా ఎరుపు ఉంది, మళ్ళీ కాసేపు ముంచితే పోయింది. సన్నటి బూడిద మసి వచ్చింది, స్క్రబ్బర్‌తో పోయింది. మసి పోయాక మెరవలేదు, పాల తెలుపులో మ్యాట్‌గా ఉంది. నిజం చెప్పాలంటే నాకు ఆ మ్యాటే నచ్చింది, పాలిష్ పెట్టలేదు.

ఎవరూ చెప్పనిది ఒకటి జరిగింది. లీవర్ అడ్జస్టర్ చక్రం మీద 1 నుంచి 6 దాకా అంకెలుంటాయి కదా, అవి పూర్తిగా పోయాయి.

బాలానగర్_ప్లేటింగ్
ఆ అంకెలు లేజర్‌తో పొర మీదే వేస్తారు తమ్ముడూ, లోహంలోకి చెక్కరు. పొరతో పాటే పోతాయి. అడ్జస్టర్ మీద చిన్న సెంటర్ పంచ్ గుర్తు ఒకటి పెట్టుకో, నీకు నప్పే స్థానం దగ్గర.

బిగించే ముందు మైనం పూర్తిగా పోయిందా చూడు, పివట్ రంధ్రంలో కాస్టిక్ మిగలకుండా వేడి నీళ్ళతో కడిగి ఆరబెట్టు. పివట్ బోల్టుకు కొత్త గ్రీజు రాయి. బిగించాక లీవర్ వదిలితే తనంతట తను పూర్తిగా వెనక్కి రావాలి, పైకీ కిందికీ ఆడకూడదు. బ్రేక్ లైట్ స్విచ్ ఆన్ ఆఫ్ అవుతోందా చూసుకో. స్టాండ్ మీద ముందు చక్రం తిప్పి బ్రేక్ వదిలాక ఫ్రీగా తిరుగుతోందా చూశాకే రోడ్డెక్కు.

అనంతపురం_390
అన్నీ చూశా అన్నా. లీవర్ గట్టిగానే ఉంది, ఆట లేదు. లైట్ వెలుగుతోంది. మార్కింగ్‌కి రేపు లేత్ షాపు వాడి దగ్గర పంచ్ కొట్టిస్తా.

గుంటూరు_గేర్
నా క్లచ్ కవర్ కూడా తెల్లబడింది, 600 దాకా వచ్చా. గాస్కెట్ అంచు అద్దం మీద చదునుగానే కూర్చుంది. బాలానగర్ అన్నా, దీని మీద ఇంజన్ వేడికి ఆగే పెయింట్ ఏది కొట్టమంటావ్?

స్ప్రే_శీను
ఇది నా సబ్జెక్టు. హీట్ రెసిస్టెంట్ పెయింట్ డబ్బా తీసుకో. 600 దగ్గరే ఆగు, ఇంకా నున్నగా చేస్తే పట్టదు. థిన్నర్‌తో తుడిచి, అల్యూమినియానికి సరిపడే ప్రైమర్ పల్చగా కొట్టు, తర్వాత రంగు పల్చగా రెండు మూడు కోట్లు. డబ్బా మీద రాసినంత టైమ్ ఆరనిచ్చి, ఆ తర్వాతే ఇంజన్ వేడి చూపించు.